పింజారీ ఏకిన దూది, దాదీ కుట్టిన గుదడీ

తెలుగులో ఒక తిట్టు ఉంది. పింజారీ వెధవ. సినిమాల్లో హాస్యగాళ్లు తిడతారు. బళ్లో పంతుళ్లు తిట్టేవాళ్లు. బజారులో ఎవరికి ఎవరి మీద కోపమొచ్చినా నోట్లోంచి జారిపడుతుంది. తిట్టేవాడికి ఆ మాటకు అర్థం తెలియకపోవచ్చు. మాకు తెలుసు. పింజారీ అంటే దూదేకేవాడు. ఈ తెలుగులోనే ఆకాశంలో మబ్బులు దూదిపింజల్లా ఉన్నాయని రాస్తారు. పింజ కవిత్వమైంది. ఆ పింజను చేసిన మనిషి తిట్టయ్యాడు.

ఇంకొక మాట అతుకుల బొంత. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే పత్రికలు ఈ శీర్షిక పెడతాయి. పత్రికల్లో పనిచేసే మేమూ పెట్టాం. మా గురించి కూడా ఇదే మాట అన్నవాళ్లున్నారు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, ఆఫీసులో ఇంగ్లీషు, నమాజులో అరబీ, ఏదీ పూర్తిగా మీది కాదు కదా అన్నారు. 1992 డిసెంబర్ 6 తర్వాత ఆ మాటలో వెక్కిరింత పోయి నిలదీత వచ్చింది. మీరు ఎటువైపు, అసలు ఎక్కడివాళ్లు అని అడిగారు.

ఈ రెండు మాటలూ పుట్టింది ఒక్క చోటే. ఇంటి నేల మీద పరిచిన పాత చీర మీద. అక్కడ మగవాడు ఏకిన దూది, ఆడది కుట్టిన గుడ్డ కలుస్తాయి. మా చరిత్ర రాసేవాళ్లు కోటల దగ్గర మొదలుపెడతారు, మసీదుల దగ్గర ఆగుతారు. మేం ఈ నేల దగ్గర మొదలుపెడతాం.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ గుంతకల్లు నుంచి బెంగళూరు వెళ్లే రైలుదారి మీద ఉన్నాయి. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లాలో ఉండేవి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. వాన తక్కువ, కరువు ఎక్కువ. హిందూపురం వైపు నేల ఎత్తు కాబట్టి మార్గశిరం, పుష్యం వచ్చాయంటే తెల్లవారుజామున పళ్లు కొట్టుకునే చలి. కురుబల కంబళి కొనగలిగినవాళ్లు కంబళి కప్పుకున్నారు. కొనలేనివాళ్లు బొంత కుట్టుకున్నారు. ఉర్దూ మాట్లాడే మా ఇళ్లలో దాన్ని గుదడీ అంటాం. తెలుగు మాట్లాడే దూదేకుల ఇళ్లలో బొంత అంటారు. మా మధ్య ఉన్న గోడ ఎంతటిదో ఈ రెండు మాటలు చెబుతాయి. ఆ గోడ ఎంత అబద్ధమో ఆ ఒక్క వస్తువు చెబుతుంది.

గుదడీ ఎలా తయారవుతుందో చూడండి. పాత బట్టలను ముందు ఉడకబెట్టి ఉతికి ఎండేస్తారు. చిరగని చీర పైకీ కిందికీ. మధ్యలో పోయేవి అబ్బా లుంగీ, అన్న పైజామా, చెల్లెలి ఓఢ్నీ, ఎవరిదో మర్చిపోయిన జుబ్బా. చిరిగిన చోటు చింపేసి, గట్టిగా ఉన్న భాగం వరకే తీసుకుంటారు. మోకాళ్ల దగ్గర అరిగిన పైజామాకు పిక్కల దగ్గర బట్ట బాగుంటుంది. లుంగీకి కూర్చునే చోటు పోతుంది, అంచులు మిగులుతాయి. ఏ బట్ట ఎక్కడ ముందు అరుగుతుందో ఆడవాళ్లకు తెలిసినంతగా మిల్లు వాడికి కూడా తెలియదు. దర్జీ దుకాణం నుంచి కత్రన్ తెస్తారు. కత్రన్ అంటే కత్తిరింపుల్లో రాలిన ముక్కలు. మా ఊళ్లలో దర్జీ పని చేసే ముస్లింలు చాలామంది, కాబట్టి కత్రన్‌కు కొదవ లేదు. ఆ ముక్కల్ని రంగు చూసి, మందం చూసి, చీర మీద అతికిస్తారు.

నేల మీద పరిచి నాలుగు మూలలా బరువు పెడతారు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు తలా ఒక పక్క కూర్చుంటారు. దబ్బనంలో దారం ఎక్కించి అంచు నుంచి లోపలికి కుట్టుకుంటూ వస్తారు. కుట్టుకూ కుట్టుకూ మధ్య చిన్న ఎడం, వరసకూ వరసకూ మధ్య వేలెడు ఎడం. ఎడం పెరిగితే లోపలి బట్ట ముద్దకడుతుంది. మరీ తగ్గితే బొంత చెక్కలా బిగుసుకుంటుంది. దారం కొనే స్తోమత లేని రోజుల్లో పాత చీర అంచులోంచి పోగులు లాగి పేనుకునేవాళ్లు. మధ్యాహ్నం జొహర్ నమాజు తర్వాత కూర్చుంటే అసర్ దాకా సాగే పని. ఒక గుదడీకి వారమో పది రోజులో పడుతుంది. ఆ వారం పదిరోజుల్లో ఊరి పెళ్లిళ్లు, తలాక్‌లు, అప్పులు, కాన్పులు అన్నీ ఆ బొంత మీద మాట్లాడుకుంటారు.

మా దాదీకి చదువు రాదు. గుదడీ మీద వేలు పెట్టి ఈ ముక్క ఎవరిది, ఎప్పటిది, ఏ ఈద్‌కు కొన్నది అని చెప్పేది. ఇంట్లో చనిపోయిన వాళ్ల పేర్లు మాకు తెలిసింది అలాగే. కాగితం మీద రాసుకున్న వంశవృక్షం మాకు లేదు. ఇంట్లో బిడ్డ పుడితే బాగా అరిగి మెత్తబడిన లుంగీలతో చిన్న గుదడీ కుట్టేది. కొత్త బట్ట పసిబిడ్డ ఒంటికి గరుకు. అందులో ఒక మూల దర్గా చాదర్‌లోంచి ఇచ్చిన పచ్చ ముక్క కలిపేది. పుట్టినప్పుడు పదిమంది బట్టల ముక్కల్లో పడుకున్న మనిషి, పోయినప్పుడు కుట్టు లేని తెల్లని కఫన్‌లో వెళతాడు. కుట్టంతా ఈ రెంటి మధ్యనే.

ఇక దూదేకేవాడి సంగతి. గుదడీ పాత బట్టలది. రజాయి, పరుపు దూదివి. పరుపులో దూది రెండు మూడేళ్లకు గడ్డకడుతుంది. చలికాలం ముందు దూదేకుల సాహెబు భుజాన విల్లుతో ఊళ్లోకి వచ్చేవాడు. మనిషంత పొడుగు కొయ్య విల్లు, దానికి బిగించిన నరం, కొట్టడానికి రెండు కొసలా గుండ్రంగా ఉన్న చెక్క. నరాన్ని దూదిలో ఆనించి చెక్కతో కొడితే అది అదిరి గడ్డల్ని విప్పి పింజలుగా ఎగరేస్తుంది. ఠంయ్ ఠంయ్ అని ఆ చప్పుడు వీధి చివరి దాకా వినిపించేది. పాత దూదే మళ్లీ కొత్త దూది. పారేయాల్సిన దాన్ని పారేయకుండా తిరిగి బతికించడమే అతని వృత్తి. ఏకిన దూదిని గలీబులో నింపి ఇచ్చాక ఇంట్లో ఆడవాళ్లు దాన్ని పరిచి దూది కదలకుండా అడ్డంగా నిలువుగా కుట్లు వేస్తారు. ఉర్దూలో ఆ పనిని డోరే డాల్నా అంటారు. అదే మాటకు మనసు లాగడం, వలపు వల వేయడం అనే అర్థం కూడా ఉంది. కుట్టంటే రెండింటిని దగ్గరికి లాగడం అని ఆ భాషకు తెలుసు.

ఈ వృత్తి చిన్నదేమీ కాదు. అరబీలో దూదేకేవాణ్ణి హల్లాజ్ అంటారు, నద్దాఫ్ అని కూడా అంటారు. అనల్ హఖ్ అన్నందుకు 922లో బాగ్దాదులో ప్రాణం పోగొట్టుకున్న సూఫీ మన్సూర్ హల్లాజ్ పేరులో ఉన్నది ఈ వృత్తే. ఉత్తరాది దూదేకులవాళ్లు ఆయన పేరు మీద మన్సూరీలమని చెప్పుకుంటారు. కర్ణాటకలో నదాఫ్‌లు, మన దగ్గర లద్దాఫ్‌లు ఆ అరబీ మాట మోస్తున్నవాళ్లే. కడప సీమలో పోతులూరి వీరబ్రహ్మం గారి శిష్యుల్లో ముందు చెప్పుకునే సిద్దయ్య దూదేకుల సిద్దయ్యే. బుర్రకథను తెలుగునాట ఊరూరా నిలబెట్టిన షేక్ నాజర్ దూదేకుల ఇంట పుట్టినవాడే. 1986లో పద్మశ్రీ అందుకున్న ఆ కళాకారుడి ఆత్మకథ పేరు 'పింజారి'. తిట్టును తీసి పుస్తకం అట్ట మీద పెట్టుకున్నాడు. ఆ ధైర్యం మా పండితుల్లో ఎంతమందికి ఉంది?

పెనుకొండకు వెళ్లండి. 1565లో రాక్షసతంగడి యుద్ధంలో ఓడిన విజయనగరం రాజధాని ఈ కొండ కిందికే తరలింది. గగనమహల్ ఉంది, షేర్ ఖాన్ మసీదు ఉంది, జైన బసది ఉంది. బాబా ఫక్రుద్దీన్ దర్గా కూడా ఇక్కడే ఉంది. ఆయన సీస్తాన్ రాజ్యం వదిలి ఫకీరై, తిరుచిరాపల్లి నత్తర్ వలీ దగ్గర మురీదై, గురువు ఇచ్చిన మిస్వాక్ పుల్ల చిగురించిన చోట ఆగిపోయాడని కథ. జనం ఆయన్ని బాబయ్య అంటారు. ఈ జిల్లాల్లో బాబయ్య, ఫక్కీరప్ప, హుస్సేనప్ప అనే పేర్లు ఏ ఇంట వినిపించినా, ఆ ఇల్లు ముస్లింలదో హిందువులదో చెప్పలేం. దూదేకుల కుటుంబాల్లో బాబయ్య మురీదులమని చెప్పుకునేవాళ్లు ఎందరో. ఆ పుల్ల చిగురించిన కథ మాకు ఇంకో మాటను గుర్తు తెస్తుంది. ఉర్దూలో బట్టకు వేసే మాసికను పైవంద్ అంటారు. చెట్టుకు కట్టే అంటును కూడా పైవంద్ అనే అంటారు. తెలుగులో అతుకు అంటే లోపం. ఉర్దూలో అదే మాట చిగురు కూడా.

ఇక్కడ మేం మా తప్పు ఒప్పుకోవాలి. పింజారీ అని తిట్టింది అగ్రకులాల హిందువులు మాత్రమే అని చెప్పి తప్పించుకుంటే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. మేమూ అన్నాం. ఉర్దూ మాట్లాడే షేకులం, సయ్యదులం, పఠాన్లం అన్నాం. దూదేకుల సాహెబు మా ఇంటికొస్తే వరండాలో కూర్చోబెట్టాం. ఆయన తెలుగులో పలకరిస్తే కావాలని ఉర్దూలో జవాబిచ్చాం. ఆయన సలాం చెప్పే తీరు పిల్లలం అనుకరించి నవ్వితే పెద్దలు మందలించలేదు. ఆయన ఏకిన దూది మీద మా ఇంటి పెళ్లికూతురు పడుకుంది. కానీ ఆయన కూతుర్ని మా ఇంటికి కోడలిగా అడగలేదు. ఇస్లాంలో కులం లేదని మైకుల్లో చెబుతూ, ఇళ్లలో హడ్డీ చూసే మనుషులం మేం.

1909లో థర్‌స్టన్ దక్షిణ భారతదేశపు కులాలు, తెగల గురించి 7 సంపుటాలు అచ్చువేసినప్పుడు, దూదేకులవాళ్లు మహమ్మదీయులే అయినా పెళ్లిలో తాళి కట్టడం లాంటి ఆచారాలు పాటిస్తారని రాశాడు. దొర రాసిన ఆ మాటను రెండు వైపుల వాళ్లూ వాడుకున్నారు. హిందువులు మీరు మావాళ్లే అన్నారు, ఇంట్లోకి మాత్రం రానివ్వలేదు. మేం మీరు సగమే ముస్లింలన్నాం, మసీదులో మాత్రం పక్కన నిలబడనిచ్చాం. 1970లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనుకబడిన తరగతుల జాబితా తయారుచేసినప్పుడు దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా పేర్లను బి గ్రూపులో చేర్చింది. మిగతా పేద ముస్లింల కులాల్లో చాలావాటి పేర్లు జాబితాకెక్కడానికి 2007 దాకా పట్టింది. అప్పుడు 14 సమూహాలను ఇ గ్రూపుగా పెట్టి 4 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. అప్పుడు మాలో చాలామందికి మాలోనూ కులాలున్నాయని హఠాత్తుగా గుర్తొచ్చింది. దూదేకులవాళ్లకు ఆ సంగతి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

చిరుగు బట్ట మా మతంలో అవమానం కాదు. మాసిక వేసి తొడుక్కోకుండా బట్టను పాతదని పారేయవద్దని ప్రవక్త ఆయిషాకు చెప్పినట్టు హదీసు ఉంది. ప్రవక్త తన బట్టలు తానే కుట్టుకునేవారని చెప్పే హదీసూ ఉంది. ఖలీఫా ఉమర్ చొక్కా మీది మాసికల కథ మదర్సా పిల్లవాడికి కూడా తెలుసు. 11వ శతాబ్దంలో లాహోరులో అలీ హుజ్వేరీ రాసిన 'కష్ఫుల్ మహజూబ్'లో సూఫీల అతుకుల అంగీ మీద ఒక అధ్యాయమే ఉంది. అతుకుల అంగీ తొడిగితే సరిపోదు, లోపల మనిషి మారాలి అన్నది ఆయన మాటల సారం. ఉర్దూలో గుదడీ కా లాల్ అనే నానుడి ఉంది. చినుగుల్లో దాగిన మాణిక్యం అని అర్థం. ఇన్ని చెప్పుకునే మేం, మా వీధిలో గుదడీ కుట్టిన చేతిని మాత్రం గౌరవించలేదు. పుస్తకంలో ఉన్న అతుకు పవిత్రం, ఇంట్లో ఉన్న అతుకు దరిద్రం అయింది.

దరిద్రమే, కాదనం. గుదడీని మతసామరస్యానికి గుర్తు అని ఎవరైనా మురిసిపోతే మాకు ఒళ్లు మండుతుంది. పక్కింటి కురుబ అవ్వ ఇచ్చిన చీర మా గుదడీలో ఉంది, నిజమే. మా ఓఢ్నీ ముక్క ఆ ఇంటి బొంతలో ఉండేది, అదీ నిజమే. అది ప్రేమతో పాటు లేమి వల్ల కూడా జరిగింది. 1943లో బట్ట మీద ప్రభుత్వ నియంత్రణ వచ్చి కొత్త గుడ్డ దొరకని రోజుల్లో, 1950ల మొదట్లో రాయలసీమ కరువులో గంజి కేంద్రాల ముందు జనం నిలబడిన రోజుల్లో, మాసిక మీద మాసిక వేసుకుని బతికారు. ఆ బతుకును అందంగా ఉందని గోడకు వేలాడదీయమని మేం అడగడం లేదు. అందులో ఉన్న పనితనాన్ని పనితనం అని ఒప్పుకోమంటున్నాం.

ధర్మవరంలో లెక్క వేరు. అక్కడ పట్టు నేస్తారు. మగ్గం మీద చీర దించాక మిగిలే పడుగు కొసలు, రంగు తేడా వచ్చిన ముక్కలు ఇళ్లలో పోగవుతాయి. పాత పట్టుచీర చిరిగితే జరీ అంచు విడదీసి, వెండి కోసం కొనేవాడికి అమ్ముతారు. ఒళ్లు మాత్రం బొంతకు పోతుంది. ఆ ఊళ్లో పట్టు ముక్కలతో కుట్టిన బొంతల మీద, పట్టుచీర కట్టని ఆడవాళ్లు పడుకున్నారు. లక్షల ఖరీదు చేసే చీరలు నేసిన ఆ ఊరి నుంచి మగ్గం అప్పులతో ఆత్మహత్య చేసుకున్న నేతగాళ్ల వార్తలు కూడా మేం రాశాం. పట్టుచీరకు ఫొటో ఉంది, ప్రకటన ఉంది. దాని తునకలతో బతికిన బొంతకు ఏ మ్యూజియంలోనూ చోటు లేదు. ఉండదు కూడా. బొంతను దాచుకోరు, అరిగేదాకా వాడతారు. అరిగాక ఇంకో బొంత లోపలి పొరవుతుంది. ఆఖరికి కాలు తుడిచే గుడ్డ అవుతుంది. ఆడవాళ్ల చరిత్ర మిగలకపోవడానికి కారణం వాళ్లు ఏమీ చేయకపోవడం కాదు. వాళ్లు చేసిందంతా ఇల్లు వాడేసుకుంది.

తర్వాత ఒక్కొక్కటే పోయాయి. మొదట పాత బట్టలకు స్టీలు గిన్నెలు ఇచ్చేవాళ్లు వీధుల్లోకి వచ్చారు. నాలుగు చీరలిస్తే ఒక గిన్నె. గుదడీకి వెళ్లాల్సిన బట్ట గిన్నెకు వెళ్లింది. పాలిస్టరు వచ్చాక పాత చీర చిరగడం మానేసింది గానీ చెమట పీల్చడమూ మానేసింది. దానితో బొంత కుడితే జారుతుంది. ఫోమ్ పరుపులు, మెషిన్ మీద దూదేకే దుకాణాలు వచ్చాక విల్లు అటక ఎక్కింది. దూదేకుల యువకులు ఆటోలు నడుపుతున్నారు, మెకానిక్కులయ్యారు, చదివినవాళ్లు ఉద్యోగాలకెళ్లారు. ఆ వృత్తి పోయిందని మేం ఏడవం. దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పోగొట్టుకునే పని అది. వృత్తి పోయినా తిట్టు పోలేదు, అదీ మా బాధ.

హిందూపురం చుట్టుపక్కల బట్టలు కుట్టే ఫ్యాక్టరీలు వచ్చాయి. పెనుకొండ పక్కన కొరియా కంపెనీ కార్ల ఫ్యాక్టరీ 2019లో మొదలైంది. గుదడీ కుట్టిన చేతుల మనవరాళ్లు బస్సెక్కి వెళ్లి మెషిన్ల ముందు కూర్చుంటున్నారు. ఒకామె కాలరే కుడుతుంది, ఒకామె కఫ్ఫే కుడుతుంది. చొక్కా మొత్తం ఎవరూ కుట్టరు. నెల జీతం చేతికొస్తుంది, అది చిన్న సంగతి కాదు. దాదీ వారం రోజులు కుట్టిన దానికి ఎవరూ రూపాయి ఇవ్వలేదు. కానీ ఏ ముక్క ఎక్కడ పెట్టాలో నిర్ణయించే హక్కు దాదీకి ఉండేది, మనవరాలికి లేదు. ఆ హక్కూ, ఈ జీతమూ రెండూ ఒక చేతికి ఎందుకు రాకూడదని మేం అడుగుతాం.

రాగలవని చూపించినవాళ్లున్నారు. కర్ణాటకలో ఉత్తర కన్నడ అడవుల్లో ఉండే సిద్దీలు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల సంతతి. వాళ్లలో ముస్లింలున్నారు, హిందువులున్నారు, క్రైస్తవులున్నారు. వాళ్ల ఆడవాళ్లు కవండి అనే బొంత కుడతారు. మాలాగే అంచు నుంచి మధ్యకు కుట్టుకొస్తారు, మూలల్లో మడిచిన గుడ్డతో పువ్వు పెడతారు. ఆ కవండీలు ఇప్పుడు కుట్టినవాళ్ల పనిగా లోకం చూస్తోంది. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే ఊళ్లో బానిసల మనవరాళ్లు పొలం బట్టల తునకలతో బొంతలు కుట్టారు. 1966లో పౌరహక్కుల పోరాటం నడుమ ఆ ప్రాంతపు నల్లజాతి ఆడవాళ్లు బొంతల సహకార సంఘం పెట్టుకున్నారు. 2002లో ఆ ఊరి బొంతలు న్యూయార్కు మ్యూజియం గోడలకెక్కాయి. అక్కడా ముందు దాన్ని దరిద్రమనే అన్నారు. కుట్టినవాళ్లు తమ పేరు తాము చెప్పుకున్నాక కళ అన్నారు.

మాకు కావలసింది మ్యూజియం గోడ ఒక్కటే కాదు. మీరు ఎక్కడివాళ్లని అడిగేవాళ్లకు మేం ఇచ్చే జవాబు మా ఇంటి నేల మీదే ఉంది. మా గుదడీలో ఏ ముక్కా బయటి దేశం నుంచి రాలేదు. ధర్మవరం మగ్గం కొస, హిందూపురం దర్జీ కత్రన్, పెనుకొండ దర్గా చాదర్, పక్కింటి అవ్వ చీర, అన్నీ ఇక్కడివే. అతుకుల బొంత అంటే అనండి, మేం కాదనం. ముక్కలు కలిపి కుట్టినదంతా బలహీనమని మాత్రం అనకండి. ఒకే గుడ్డగా ఉన్న దుప్పటి ఒకచోట చిరిగితే ఆ కొస దాకా చిరుగుతుంది. బొంత చిరిగితే ఆ ముక్క దగ్గర, ఆ కుట్టు దగ్గర ఆగిపోతుంది. కుట్టినవాళ్లకు ఇది తెలుసు.

ఇక మావాళ్లకు ఒక మాట. దూదేకుల అన్నల్నీ, అక్కల్నీ వరండాలో ఉంచి మేం ముస్లిం అస్తిత్వం గురించి మాట్లాడలేం. వాళ్ల తెలుగు మా ఉర్దూ కన్నా తక్కువ ముస్లిం కాదు. మన ఇళ్లలో ఆ తిట్టు ఇవాళే ఆగాలి. పిల్లలు అంటే మందలించాలి. సంబంధాల మాట వచ్చినప్పుడు హడ్డీ చూడటం మానాలి. ఇది మైకులో చెప్పే మాట కాదు, ఇంట్లో చేయాల్సిన పని. దాదీ కుట్టిన గుదడీ ఒకటి మా ఇంట్లో ఇంకా ఉంది. మధ్యలో ఒక వరస కుట్టు తెగిపోయింది. దబ్బనం ఎక్కడుందో వెతకాలి.